ఉప్పుమన్ను కోసం మూడు అడుగులు

పిల్లలూ, మామిడి పూతంతా మాడి రాలిపోయిన ఏడు, నడివేసవిలో, ఒక అడవిలో జరిగిందిది.

జంతువులన్నీ నాకుతూ వచ్చిన ఉప్పుమన్ను అయిపోయింది. ఉప్పు అందక దుప్పి కూనకు ముందుకాలు వంకర తిరగసాగింది. తల్లిదుప్పి అడవిపంది దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, కొండ పక్కన కొత్త గుంట తవ్విపెట్టవా?"

"తవ్వడానికి నా ముట్టె చాలు. ముందు పెద్దల అడుగులు పడాలి కదమ్మా!" అంది పంది.

ఆ అడవి కట్టుబాటు అది. నేల తవ్వాలంటే తడి మట్టిముద్ద మీద కప్ప, ఉడుము, తాబేలు వరసగా అడుగు వేయాలి. కప్పకు నీటి జాడ తెలుసు. ఉడుముకు బొరియలు తెలుసు. తాబేలు అందరికీ పెద్ద. మట్టి ఆరిపోతే పడిన అడుగులు చెల్లవు.

పంది మట్టి కలిపి తెచ్చింది. కప్ప అడుగు వేసింది. ఉడుము మాత్రం, "తోలు ఊడుతోంది. ఈ అవతారంతో బయటికి రాలేను, తర్వాత రా" అంది. మట్టి ఆరిపోయింది.

రెండోసారి ఇద్దరూ వేశారు. తాబేలు, "ఈ ఎండలోనా? పొద్దు వాలనీ" అంది. పొద్దు వాలేసరికి మట్టి పెంకులా అయింది.

"ముగ్గురూ ఒకచోట కూర్చోవచ్చు కదా తాతా?" అంది పంది.

"పెద్దవాణ్ణిరా నేను! వాళ్ళది అయ్యాకే నా గడపకు రావాలి."

మూడోసారి మట్టి తాబేలు గడప దాకా వచ్చింది. అప్పుడే తొలకరి వాన కురిసి దాన్ని కడిగేసింది.

"ఇక ఎవర్నీ అడగను!" అని పంది కొండ వైపు దూకింది.

దుప్పి అడ్డం నిలబడింది. "వద్దన్నా! కింద ఏముందో మనకేం తెలుసు?"

పంది ఆగి ఆలోచించింది. దుప్పి సాయంతో తాబేలును వీపుకెత్తుకుంది.

"ఒరే, దించరా! నా పరువు పోతుంది!"

"పరువును కూడా మోస్తున్నాలే తాతా, కదలకు."

కప్ప, ఉడుము నవ్వుకుంటూ వెంట నడిచాయి. కొండ పక్కన కప్ప నేలకు చెవి ఆనించింది. "ఇక్కడొద్దు, కింద ఊట ఉంది. ఆ నల్లరాయి అవతల తవ్వు."

ఉడుము అటు వెళ్ళి చూసింది. "బొరియలేం లేవు."

పంది అక్కడే కొత్తగా కలిపిన మట్టిముద్ద మీద ముగ్గురూ వరసగా అడుగులు వేశారు. మట్టి ఇంకా తడిగానే ఉంది.

"ఇంతేనా?" అంది తాబేలు, మెడ లోపలికి లాక్కుంటూ.

"ఇంతే తాతా."

పంది తవ్వింది. తెల్లటి ఉప్పుమన్ను బయటపడింది. ఊట చెదరలేదు. కూన కడుపారా నాకింది, ఒంట్లో బలం వచ్చింది.

కాలు మాత్రం మళ్ళీ తిన్నగా కాలేదు.

నీతి: నేలను చూడకుండా తవ్వకూడదు, చూసి చెప్పాల్సినవాళ్ళు అడిగినవాళ్ళను ఊరకే తిప్పకూడదు.