స్వల్పం అని రాసిన ముఖం

డాక్టర్ వరాహలక్ష్మిగారిని ప్రశ్న అడగడానికి ఆమె శిష్యులు కొంచెం వెనకాడేవారు. కోప్పడతారని కాదు. అడిగినవాళ్ళకు జవాబుకు బదులు పని దొరికేది. విశాఖపట్నంలో ఒక బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ముప్పై ఏళ్ళుగా ఆమె అలాగే పాఠం చెబుతూ వచ్చారు. చేతులు ఎప్పుడూ పగిలి ఉండేవాళ్ళకు ఏ మందు ఇవ్వాలని అడిగిన ఒక విద్యార్థిని వారం రోజులపాటు హార్బరులో రొయ్యలు వలిచే ఆడవాళ్ళ పక్కన కూర్చోబెట్టారట. అతను తిరిగివచ్చాక ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదని చెప్పుకుంటారు.

ఇదంతా తెలిసి కూడా చక్రధర్ ఒక మంగళవారం మధ్యాహ్నం, ఓపీ ముగిశాక, ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. పీజీ రెండో సంవత్సరం విద్యార్థి. చురుకైనవాడు, ఒకచోట కుదురుగా నిలవలేని మనిషి. మాట్లాడుతున్నంతసేపూ చేతిలో పెన్ను టకటకలాడుతూనే ఉంటుంది. మొటిమల మీద థీసిస్ రాస్తున్నాడు. ఒక్కో ముఖం మీద నల్ల పొక్కులు ఎన్ని, ఎర్ర పొక్కులు ఎన్ని, చీము పట్టినవి ఎన్ని, లోపలికి దిగిన గడ్డలు ఎన్ని అని లెక్కపెట్టి, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు వర్గాలు చేసి, ఏ వర్గానికి ఏ మందు ఎన్ని వారాల్లో పనిచేసిందో తేల్చాలి. అరవైమందిని చేర్చుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి పద్నాలుగుమంది రావడం మానేశారు. ఆ పద్నాలుగుమందీ 'స్వల్పం' అని రాసుకున్నవాళ్ళే.

అతన్ని నిలవనివ్వనిది అదే. వీపంతా గడ్డలతో వచ్చినవాళ్ళు నెలనెలా రక్తపరీక్షలు చేయించుకుంటూ, పెదవులు పగిలిపోయే మాత్రలు మింగుతూ, చెప్పిన తేదీకి ఠంచనుగా వస్తున్నారు. వాళ్ళ ఒక్కొక్కరి దగ్గరా అతను అరగంట కూర్చునేవాడు, ఫొటోలు తీసేవాడు, మందు ఏం చేస్తుందో బొమ్మలు గీసి చూపించేవాడు. రాత్రిపూట ఒక జెల్ రాసుకుంటే సరిపోయేవాళ్ళు మాత్రం మాయమైపోతున్నారు. థీసిస్ ఇవ్వడానికి ఇంక నాలుగు నెలలే ఉంది. ఒక వర్గం సగం ఖాళీ అయితే పరీక్షకుల ముందు ఏం చెప్పుకోవాలో అతనికి తోచడం లేదు.

"మేడమ్, తేలికపాటి జబ్బు నయం చేయడమే నాకు ఇంత కష్టమెందుకవుతోంది?" అని అడిగాడు.

రావడం మానేసినవాళ్ళ జాబితా అతని చేతిలోంచి ఆమె అందుకుని, పైనున్న పేరు ఎవరిదని అడిగారు. లెంక పుణ్యవతి, ఇరవై మూడేళ్ళు, శృంగవరపుకోట అని చదివాడు. ఫోన్ చేశానని, ఎత్తడం లేదని కూడా చెప్పాడు.

"రేపు ఓపీకి రాకు. అక్కడికి వెళ్ళి రా" అన్నారామె. తర్వాత వేరే ఫైలు తెరిచారు. మర్నాడు సెమినారు ఉందన్న మాట అతని నోట్లోనే ఉండిపోయింది.

పొద్దున బస్సులో కూర్చున్నాడే గాని చక్రధర్ మనసు ఆసుపత్రిలోనే ఉంది. కొత్తవలస దాటేలోపు ఆ అమ్మాయి కేసు షీటు నాలుగుసార్లు తీసి చూశాడు. నల్ల పొక్కులు పదకొండు, ఎర్రవి ఆరు, మొత్తం పదిహేడు. చీము లేదు, గడ్డలు లేవు. స్వల్పం. లెక్కలో తప్పేమీ కనబడలేదు. అయితే ఆ అంకెలు అతని దస్తూరీలో అంత స్పష్టంగా ఉన్నాయి గాని, ఆమె ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తురాలేదు. చిలకపచ్చ చున్నీ ఒకటి లీలగా మెదిలింది. అంతే. రెండు గంటల ప్రయాణంలో అది అతన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

బజారు వెనక సందులో సిమెంటు రేకుల ఇల్లు. అరుగు మీద ఒక పెద్దావిడ చింతపండు ముందు పెట్టుకుని గింజలు తీస్తోంది. అతన్ని చూసి గబగబా లేచింది.

"డిపో నుంచి వచ్చారా బాబూ? సోమారం దాకా గడువిచ్చారు గదా" అంది.

ఆమె పుణ్యవతి తల్లి, అప్పయ్యమ్మ. తను డిపో మనిషి కాదని చెప్పేలోపే చక్రధర్‌కు చాలా సంగతులు తెలిశాయి. పుణ్యవతి తండ్రి బస్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆ ఇంట్లో సంపాదించేవాళ్ళు మరొకరు లేరు గనుక కూతురికి కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. చేరి ఇంకా ఏడాది నిండలేదు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నెలన్నరగా సెలవులో ఉంది. సోమవారంలోగా డ్యూటీకన్నా వెళ్ళాలి, డాక్టరు సర్టిఫికెట్టన్నా తేవాలి. ఆ పిల్ల ఏదీ చేయడం లేదు, గదిలోంచి బయటికే రావడం లేదు. ఎందుకని అడగబోయి చక్రధర్ ఆగిపోయాడు. తను ఎవరో చెప్పాడు.

అప్పయ్యమ్మ చింతపండు బుట్ట పక్కకు జరిపి, అతనికి కూర్చోడానికి చోటు చేసి, ఓరగా వేసి ఉన్న తలుపు వైపు చూసింది. ఆసుపత్రి డాక్టరుగారు వచ్చారమ్మా అంది.

తలుపు తెరుచుకోలేదు. దాని వెనకనుంచి పుణ్యవతి మాట వినబడింది. కోపం లేదు, ఏడుపు లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు ఉంది. తను ఆసుపత్రికి వచ్చేనాటికి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైందట. ట్రిప్పుకు అరవైమంది, ఒకరి మీద ఒకరు పడేంత రద్దీ. టిక్కెట్టు కొట్టినంతసేపూ మనుషులు ముఖంలోకే చూస్తారు. ఆ మొహానికి ఏమైనా రాసుకోకూడదా అమ్మాయ్ అని ఒకాయన బస్సంతా వినబడేలా అన్నాడు. ఆ మాటకు ఆసుపత్రికి వచ్చింది. గదిలో ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. చున్నీ తీయమన్నారు. డాక్టరుగారు పెన్నుతో చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. ఇది ఎన్నాళ్ళకు తగ్గుతుందని అడుగుదామనుకునేలోపే చీటీ చేతిలో పెట్టి, ఇది జబ్బే కాదమ్మా, జెల్ రాసుకుని నెలకు రా అన్నారు.

రాసుకుంది. పదో రోజుకు ముఖం మండిపోయి పొట్టు రేగింది, ఉన్నవి ఇంకా పైకి తేలాయి. మొదట్లో అలా అవుతుందని ఎవరూ చెప్పలేదు. త్వరగా తగ్గుతుందేమోనని మూడు పూటలూ పట్టించింది. ఆ మంట భరించలేక చివరకు మానేసింది. మందుల షాపులో ఇంకో క్రీమ్ ఇచ్చారు. నాలుగు రోజుల్లో ముఖం నున్నగా అయిపోయింది. డిపోలో అందరూ మెచ్చుకున్నారు. మూడు నెలలు రెండు పూటలా రాసుకుంది. ఒక్క పూట మానితే చాలు, ఎర్రబడి దురద. ఆ తర్వాత రాసుకున్నా సరే పొక్కులు లేవడం మొదలైంది.

చక్రధర్ మెల్లగా, మరి వెంటనే ఆసుపత్రికి రాకపోయారా అన్నాడు. అంటున్నప్పుడే ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.

"ఇది పెద్ద జబ్బని మీరు ఆ రోజు అని ఉంటే వచ్చేదాన్ని డాక్టరుగారూ" అందామె. "ఏమీ కాదన్నారు. ఏమీ కానిదానికి ఇంత ఏడుస్తున్నానేమిటని నాకే సిగ్గేసింది."

అతని చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఇంకాసేపటికి ఆమె తనంతట తానే తలుపు తీసింది. రెండు బుగ్గలూ కందిపోయి, చర్మం పలచబడి, సన్నని నరాలు ఎర్రగా కనబడుతున్నాయి. నుదురు నుంచి గడ్డం దాకా చీము పొక్కులు సందు లేకుండా ఉన్నాయి. అలవాటుకొద్దీ అతని లోపల లెక్క మొదలైంది. తొమ్మిది దగ్గర ఆపేసుకున్నాడు. క్రీమ్ ట్యూబు అడిగి తీసుకుని చూశాడు. అనుకున్నదే, స్టెరాయిడ్. మొటిమలను కొన్నాళ్ళు అణిచిపెట్టి, చర్మాన్ని తనకు అలవాటు చేసుకుని, ఆ తర్వాత కొత్తవాటిని తానే పుట్టిస్తుందని వివరంగా చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా వింది. అయితే ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగింది. ఫిబ్రవరిలో ఆసుపత్రికి వచ్చిన రోజు అడగలేకపోయిన మాట అదే.

ఒక నెల అని చెబుదామని అతని నోటిదాకా వచ్చింది. కానీ ఉన్నదే చెప్పాడు. క్రీమ్ ఆపితే రెండు వారాలు ఇప్పటికంటే ఎక్కువవుతుంది. కుదుటపడటానికి మూడు నెలలు. మచ్చలు పోవడానికి ఇంకా ఎక్కువ.

"మరి సోమవారం?" అందామె.

రేపు మా మేడమ్ దగ్గరికి రండి అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఎనిమిదింటినుంచి చక్రధర్ ఆసుపత్రి గేటుకూ ఓపీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ప్రతి ఆటోలోకీ తొంగిచూశాడు. రాదేమోనని భయం, వస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. పదకొండు దాటాక తల్లీ కూతుళ్ళు వచ్చారు.

వరాహలక్ష్మిగారు గదిలో ఉన్నవాళ్ళందరినీ బయటికి పంపి తలుపు వేయించారు. చక్రధర్‌ను ఉండమన్నారు. తన కుర్చీ లాక్కుని బల్ల ఇవతలికి వచ్చి పుణ్యవతి పక్కన కూర్చున్నారు. ఏ రూటులో చేస్తున్నావని అడిగారు. అరకు రూటు అందామె. ఘాటు రోడ్డులో నిలబడి టిక్కెట్లు కొట్టడం ఎలా, ఏ మలుపు దగ్గర కమ్మీ పట్టుకోవాలి, వాంతులయ్యే ప్రయాణికులను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇవే మాటలు. చెబుతూ చెబుతూ ఆమె ఎప్పుడు చున్నీ దించిందో చక్రధర్ గమనించనేలేదు. ఆ తర్వాతే మేడమ్ లైటు దగ్గరికి జరిపి, వేలితో తాకి, చెంపలు, దవడ కింద, మెడ, వీపు చూశారు. నెలసరి సరిగా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడిగారు. ఇరవై నిమిషాలు పట్టింది.

చీటీలో నాలుగే వరుసలు రాశారు. క్రీమ్ రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకొకసారి, అలా పది రోజుల్లో పూర్తిగా ఆపాలి. రెండు పూటలా మామూలుగా ముఖం కడుక్కుని, తేమ నిలిపే క్రీమ్ రాసుకోవాలి. ఆరు వారాలు భోజనం తర్వాత ఒక మాత్ర. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్. చర్మం చల్లబడేదాకా ఇంకేమీ వద్దన్నారు. ఇంత జబ్బుకు ఇంతేనా అని అప్పయ్యమ్మ అడిగితే, ప్రస్తుతానికి ఇంతేనమ్మా అన్నారు. తర్వాత లెటర్‌హెడ్ తీసి డిపోకు సర్టిఫికెట్టు రాశారు. తీవ్రమైన చర్మవ్యాధికి చికిత్సలో ఉంది, నాలుగు వారాల విశ్రాంతి అవసరం. పుణ్యవతి ఆ కాగితంలో ఒక్క మాట దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. రోజూ పొద్దున ఏడింటికి ఈ డాక్టరుగారికి ఫోన్ చెయ్యమని మేడమ్ ఆమెకు చెప్పారు. వీలవుతుందా అని చక్రధర్‌ను అడగలేదు.

రెండో వారం అతనికి నరకమైంది. చెప్పినట్టే ముఖం భగ్గుమంది. ఫోన్‌లో ఆమె గొంతు వింటూ వరండాలో ఈ చివరనుంచి ఆ చివరికి నడిచేవాడు. ఇంకో మాత్ర కలుపుదామని ఒకసారి, డోసు పెంచుదామని ఒకసారి, గడ్డలకు వాడే పెద్ద మందే మొదలుపెడదామని మూడోసారి మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు.

"నీ కంగారుకు ఆ పిల్ల చేత మందు మింగించకు" అన్నారామె.

పన్నెండో రోజు ఫోన్‌లో మాట రాలేదు, ఏడుపే వచ్చింది. షాపుకు వెళ్ళి మళ్ళీ ఆ ట్యూబు కొనుక్కొచ్చానని, చేతిలోనే ఉందని చెప్పింది. ఫోన్ పెట్టేయకండి అన్నాడు చక్రధర్. రౌండ్సుకు వేళవుతున్నా అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉందో అడిగాడు. మంట కొంచెం తగ్గిందంది. దురద? అది కూడా రాత్రి లేదంది. చూడ్డానికి మాత్రం ఘోరంగా ఉందంది. ఉంటుందమ్మా, ఇంకో వారం అలాగే ఉంటుంది అన్నాడు. అరగంట గడిచాక ఆమె తల్లిని పిలిచి ట్యూబు ఇచ్చేసిన అలికిడి ఫోన్‌లోంచి వినబడింది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయిందని అతనికి అప్పుడు తెలిసింది.

సర్టిఫికెట్టు గడువు ముగిసిన రోజునే పుణ్యవతి డ్యూటీలో చేరింది. ముఖం అప్పటికి సగమే నయమైంది. మిగతా సగంతోనే బస్సెక్కింది. ఆరు వారాలకు మాత్ర ఆపి, మొదట ఇచ్చిన జెల్‌నే మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి బఠానీగింజంత, వారానికి మూడు రాత్రులు మాత్రమే. మూడో నెల చివర ఒక మధ్యాహ్నం ఖాకీ యూనిఫాంలో, చున్నీ లేకుండా ఓపీకి వచ్చింది. బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. పన్నెండూ నలభైకి బండి తీయాలి, కొంచెం తొందరగా చూడండి అని చక్రధర్‌నే తొందరపెట్టింది.

ఆమె వెళ్ళాక అతను థీసిస్ పట్టిక తీసుకుని మేడమ్ ముందు కూర్చున్నాడు. అప్పటికే ఒకచోట రాసి, కొట్టేసి, ఇంకోచోట రాసి, అదీ కొట్టేశాడు. ఫిబ్రవరి లెక్క ప్రకారం పుణ్యవతి స్వల్పం, జూలై లెక్క ప్రకారం తీవ్రం. మొదటిదీ తప్పు కాదు, రెండోదీ తప్పు కాదు. ఏ వరుసలో వేయమంటారని అడిగాడు. ఇంక నెలరోజులే ఉందని గుర్తుచేశాడు.

వరాహలక్ష్మిగారు కళ్ళజోడు సవరించుకుని కాగితం దగ్గరికి తీసుకున్నారు. కొట్టివేతలున్న చోటు చూడలేదు. రావడం మానేసినవాళ్ళలో పుణ్యవతి తర్వాతి పేరు మీద వేలుంచి, ఈ అబ్బాయిది ఏ ఊరని అడిగారు.

"బొబ్బిలి, మేడమ్."

"పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో" అన్నారు.