నాలుగు మూలల పసుపు

చౌడప్ప అందరికీ ఉత్తరాలు రాసిపెట్టేవాడు. తనది మాత్రం రాసుకోలేకపోయేవాడు.

పెన్న ఒడ్డున కొండ మీద కంబగిరి తాత మఠం. చౌడప్ప ఆయన శిష్యుడు. మొక్కులకు వచ్చినవాళ్లు "కొండకు చేరినామని ఇంటికొక కార్డు ముక్క రాసియ్యి స్వామీ" అంటే, చెవి మీది పెన్సిలు తీసి చకచకా రాసిచ్చేవాడు. కార్డుల రోజులవి. ఆ గరుకు అట్ట మీద పెన్సిలు నడిచే చప్పుడు, చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన ఎరిగినవాళ్లకు ఇప్పుడు ఫోనులో ఎన్ని మాటలొచ్చి పడ్డా కడుపు నిండదు.

అంత రాతగాడూ అక్క లింగమ్మకు రాయబోతే ఆగిపోయేవాడు. తల్లి పోయాక పలక చేతికిచ్చి అక్షరాలు దిద్దించింది ఆమే. "అంత నొక్కి రాస్తావేందిరా, పలక పగలగొడతావా?" అని నెత్తిన మొట్టేది. అలాంటి అక్క పిల్లను చూసి, మాటిచ్చి, తాంబూలాలకు అంతా సిద్ధం చేస్తే, ఆ తెల్లవారుజామునే చెప్పాపెట్టకుండా కొండెక్కేశాడు. పిల్ల తరఫువాళ్ల ముందు అక్క తల ఎక్కడ పెట్టుకుందో! మూడేళ్లయింది.

ఒకరోజు తెగించి కూర్చున్నాడు. "క్షమించు" అని రాస్తే చాలదనిపించింది. చెరిపాడు. "దేవుడు పిలిచాడు" అని రాస్తే తనకే సిగ్గేసింది. చెరిపాడు. "ఆ పిల్ల ఏమైంది?" అని అడిగే మొహం తనకెక్కడిది? అదీ చెరిపాడు. పొద్దు వాలేసరికి కార్డు నూగు లేచింది. పైన "అక్కా", కింద మఠం పేరు, వెనక ఆమె చిరునామా, అంతే మిగిలాయి.

తాత వచ్చి ఆ కార్డు తీసుకున్నాడు. అమ్మవారి ముందున్న పసుపులో వేలు ముంచి నాలుగు మూలలా అద్దాడు.

చౌడప్ప అదిరిపడ్డాడు. పెళ్లి కబురుకో, బిడ్డ పుట్టిన కబురుకో పూసే పసుపది.

"తాతా, దాంట్లో ఒక్క మాట లేదు. ఏం శుభమని పసుపు?"

"బతికుండావు గదా," అన్నాడు తాత. కొండ దిగుతున్న పోస్టుమాన్ ఖాజాను కేకేసి కార్డు చేతికిచ్చేశాడు.

ఆ తర్వాత చౌడప్పకు ముద్ద దిగలేదు. ఉత్త కార్డు పంపి ఎగతాళి చేశాడనుకుంటుందేమో. అసలు అక్క ఉందో లేదో. ఖాజా కనబడితే చాలు, చేతిలోని కార్డుల మూలలే చూసేవాడు. మూల చింపిన కార్డు వస్తే చావు కబురు. దాన్ని గడప బయటే చదివి పారేస్తారు.

ఒక పొద్దున ఖాజా కింది మెట్ల దగ్గర్నుంచే కార్డు పైకెత్తి ఊపాడు. నాలుగు మూలలా పసుపు. చౌడప్ప గబగబా మెట్లు దిగి ఎదురెళ్లాడు.

"మీ యక్క బాగనే తిట్టింది స్వామీ," అన్నాడు ఖాజా సంబరంగా. కార్డన్నాక పోస్టుమాన్ చదవకుండా ఉంటాడా! చౌడప్ప కార్డు అందుకుని అక్క రాత చదివాడు.

"ఒరే చౌడూ, నీ నొక్కుడు చెయ్యి యాడికి పోతాదిరా? ఎంత చెరిపినా గాట్లు పోతాయా? దీపం పక్కన వంచి పట్టుకోని అన్నీ చదివినా. ఆ పిల్లకు మంచి సంబంధం దొరికింది, చంకలో బిడ్డ గూడా. నువ్వు చచ్చినావో బతికినావో తెలీక నేనే ఏడ్చినా. పసుపు చూసినాక లేచి అన్నం తిన్నా. నువ్వూ వేళకు తిను."

మూడేళ్ల బరువు దిగిపోయింది. చౌడప్ప నవ్వుతూనే ఏడ్చాడు. కార్డు తెచ్చి తాత పాదాల దగ్గర పెడితే, తాత వాసన చూసి, "మంచి పసుపు," అని తిరిగిచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం ఒక ముసలాయన తన అన్నకు కార్డు రాయించుకున్నాడు. "నిన్ను చూడాలని ఉంది" అని చెప్పి, రాశాక నసిగాడు.

"ఆ మాట చెరిపెయ్యి స్వామీ. మేం మాట్లాడుకోక శానా దినాలైంది. ఏమనుకుంటాడో."

చౌడప్ప చెయ్యి అలవాటుగా రబ్బరు మీదికి పోయింది. తాతవైపు చూశాడు. తాత అరుగు మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

"ఉండనీలే పెద్దాయనా," అని చౌడప్ప పసుపు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.