కళ్లద్దాల మీద కూర్చోమన్న ఉస్తాదు

"ఉరుకుందు నడుం నొప్పి అబద్ధమంటప్పా! మిషను తేల్చేసింది!"

కంకర మిల్లు క్వార్టర్ల వీధిలో ఈ చివర లేచిన కేక ఆ చివరికి చేరేలోపే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేశారు. కేక వేసినవాడు టిప్పరు క్లీనరు. వాడికి ఉరుకుందు మీద కోపమేం లేదు. కేకలు వెయ్యడమంటే ఇష్టం, అంతే.

షెడ్డు కింద మిషను సర్దుకుంటున్న మద్దిలేటి చెవినా ఆ కేక పడింది. నిజానికి వాడు సంతోషించాలి. దస్తగిరి ఉస్తాదు వెంట ఇన్నాళ్లూ సంచి మోసినవాడికి, ఇవాళే మొదటిసారి "నువ్వే కొలువు బేటా" అని మీటరు చేతికొచ్చింది. కొలిచాడు, అంకె చెప్పాడు, మేనేజరు తలూపాడు. అయినా ఎందుకో అన్నంలో రాయి తగిలినట్టుంది.

మిషనంటే పెద్దదేమీ కాదు. అరచేతిలో ఇమిడే మీటరు, దానికో వైరు, వైరు చివర జొన్నరొట్టెలా గుండ్రంగా ఓ రబ్బరు బిళ్ల. బిళ్ల కడుపులో కుదుపును పసిగట్టే ముక్క ఒకటుంటుంది. డ్రైవరు సీటు మీద బిళ్ల పరిచి, దానిమీద డ్రైవర్ని కూర్చోబెట్టి బండి తోలిస్తే, సీటు గుండా అతని ఒంటికి ఎంత అదురు ఎక్కుతోందో అంకెల్లో చూపిస్తుంది. రాళ్లకు తూట్లు పొడిచే డ్రిల్లు పట్టుకునేవాళ్ల చేతుల కోసం చింతగింజంత ముక్క ఇంకొకటి వేరే ఉంది. అన్నీ కలిపి ఒక పెట్టెలో పడతాయి. భలే ముచ్చటైన సరుకు. మద్దిలేటి దాన్ని చంటిబిడ్డలా చూసుకునేవాడు.

ఇక ఉరుకుందు సంగతి. క్వారీ నుంచి మిల్లుకు రాయి తోలీ తోలీ ఆయన నడుం పట్టేసింది. సీటు మార్చమనీ, నొప్పి తగ్గేదాకా లోడు బండ్లు తూచే వేబ్రిడ్జి దగ్గర పనిమ్మనీ అడిగాడు. మేనేజరు శేషఫణి చెడ్డవాడు కాదుగానీ, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. సీటులో తప్పుందని మిషను చెబితే రెండూ చేస్తానన్నాడు. లేదని చెబితే మాత్రం వంకలు మానుకుని బండెక్కాలి, లేకపోతే వేరే డ్రైవర్ని చూసుకుంటానన్నాడు. అందుకే ఉస్తాదును పిలిపించింది. ఉస్తాదేమో మీటరు శిష్యుడి చేతికిచ్చి, షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని కునుకు తీశాడు.

బండి ఎక్కించేముందు మద్దిలేటి డ్రైవరుకు ఒకటే మాట చెప్పాడు. "అన్నా, పైలం. నీ బండి టైర్లన్నీ అమ్మినా దీని ఖరీదు రాదు."

ఉరుకుందు ఆ మాట విన్నాడు. చెప్పులు కిందనే విడిచాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, బిళ్లను తాకి కళ్లకద్దుకుని, అప్పుడు ఎక్కాడు. తన మిషనుకు దక్కిన ఆ మర్యాద చూసి మద్దిలేటికి ఛాతీ కొంచెం పొంగింది. పక్క సీట్లో కూర్చుని, వెళ్లి వచ్చేదాకా మీటరు మీంచి కన్ను తియ్యలేదు. కొత్త పెళ్లికూతుర్ని తెస్తున్నట్టు తోలుతున్నాడేందప్పా మామ ఇయ్యాల అని వెనకనుంచి క్లీనరు ఒకటే ఎగతాళి. అంకె తక్కువే చూపించింది. మద్దిలేటి దిగీ దిగగానే, ఉస్తాదును లేపకుండానే, మేనేజరుకు చెప్పేశాడు.

అదీ జరిగింది. కేక చల్లారకముందే సుంకులమ్మ వచ్చింది. ఉరుకుందు భార్య. వచ్చినవాళ్లకు వంట చేసిపెట్టమని మేనేజరు పొద్దున్నే ఆమెకే పురమాయించాడు. రొట్టెల గంప, పప్పు గిన్నె, ఉల్లికారం బల్ల మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కోపంగా ఏం అడగలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"సారూ, మీ మిషను అబద్ధమాడదంట గదా. మరి ఈ మనిషిని పొద్దున చాప మీంచి లేపనీకి నేనెందుకు చెయ్యియ్యాల్సొస్తాంది?"

మద్దిలేటి డిప్లమాలో చదివిన లెక్కలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకున్నాడు. ఉస్తాదు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఉస్తాద్, మిషను తప్పా, మనిషి తప్పా?"

ఉస్తాదు కళ్లు తెరిచాడు. మొదలుపెట్టే ముందు మీటరు సరిచూసుకున్నావా అని అడిగాడు. చూసుకున్నానన్నాడు మద్దిలేటి. బిళ్ల జారిందా అంటే జారలేదన్నాడు.

"ఉరుకుందు దానిమీద కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు ఉస్తాద్. నేను పక్కనే ఉన్నాను."

"చూశావా?"

"మీటరు చూస్తూనే ఉన్నాను."

ఉస్తాదు ఊఁ అన్నాడు. ఇక భోంచేద్దాం, అందరూ ఆకలి మీదున్నారన్నాడు. గండం గడిచిందనుకున్నాడు మద్దిలేటి.

అప్పుడు ఉస్తాదు కళ్లద్దాలు తీశాడు. అవి లేకపోతే ఆయనకు రొట్టె ఏదో పళ్లెం ఏదో తెలియదు. వాటిని భుజం మీది రుమాలులో చుట్టి, తను లేచిన కుర్చీలో పెట్టాడు.

"కూర్చో బేటా."

"అద్దాలు విరిగిపోతాయి ఉస్తాద్."

"విరగవు. కూర్చో."

గురువు మాట కాదనలేడు, గురువు కళ్లద్దాలు విరగ్గొట్టలేడు. మద్దిలేటి కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పాదాలు నేలకు నొక్కిపెట్టి, అలా కూర్చున్నాడు.

ఉస్తాదుకు తొందరేమీ లేదు. సుంకులమ్మ వైపు తిరిగి, రొట్టె ఇంత పలచగా ఎలా తట్టావమ్మా, పిండిలో వేణ్ణీళ్లు పోస్తావా అని మొదలుపెట్టాడు. ఆమె పిండి సంగతి చెప్పింది, పెనం సంగతి చెప్పింది, ఈ ఏడు జొన్న బాగాలేదని కూడా చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. మద్దిలేటి తొడలు మెల్లగా వణకడం మొదలైంది. నుదుటి చెమట ముక్కు మీదకి జారింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"ఏం బేటా, సరిగ్గా కూర్చున్నావా?"

"కూర్చున్నాను ఉస్తాద్."

"నాకు అద్దాల్లేవు. నువ్వే చూసి చెప్పు."

మద్దిలేటి తలవంచి తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. తల ఎత్తితే ఎదురుగా టిప్పరు. దాని చక్రానికి ఆనుకుని, ఒట్టి కాళ్లతో ఉరుకుందు. ఆయన విడిచిన చెప్పులు బండి తలుపు కింద ఇంకా అలాగే, పక్కపక్కన ఉన్నాయి.

మద్దిలేటి లేచాడు. రుమాలు మూటను రెండు చేతులతో తీసి ఉస్తాదుకిచ్చాడు. పెట్టె తెరిచి, రబ్బరు బిళ్ల తీసుకుని టిప్పరు దగ్గరికి నడిచాడు.

అక్కడ వాడు చేసిన పని చూసి క్లీనరు కూడా నోరు మూసుకున్నాడు. బిళ్లను దుమ్ములో పడేసి, బూట్లతో దానిమీద ఎక్కి నిలబడ్డాడు. ఉరుకుందు సారూ సారూ అంటూ చెయ్యి చాపాడు.

"చెప్పులేసుకో అన్నా. రోజూ ఎట్లా తోలుతావో అట్లనే తోలు. ఇది పోతే ఇంకోటి వస్తాది. కూచో."

ఉరుకుందు నవ్వాలో భయపడాలో తెలియక ఒకసారి షెడ్డు వైపు చూశాడు. ఉస్తాదు అద్దాలు తుడుచుకుంటున్నాడు. సరేనని చెప్పులు తొడుక్కున్నాడు, ఎక్కాడు, కూర్చున్నాడు.

ఈసారి మీటరు మద్దిలేటి ఒళ్లో దాని పని అది చేసుకుంటూ ఉంది. వాడి చూపంతా ఉరుకుందు మీదే. మొదటి గుంతలోనే సీటు పూర్తిగా కుంగి అడుగునున్న ఇనపరేకుకు కొట్టుకుంది. ఉరుకుందు పళ్లు బిగించాడు. స్పాంజి ఎప్పుడో పిండయిపోయింది. పూర్తి బరువు పడితే తప్ప ఆ సంగతి పైకి తెలియదు. క్వారీ నుంచి రాయి వేసుకుని తిరిగొచ్చేలోగా, పక్క సీట్లో ఉన్న మద్దిలేటి చెయ్యి దానంతటదే తన నడుం మీదకి పోయింది.

శేషఫణి మీటరులో పెరిగిన అంకె వంక చూశాడు, తలుపు పట్టుకుని మెల్లగా దిగుతున్న ఉరుకుందు వంకా చూశాడు. ఆ తర్వాత తనే ఎక్కి పిడికిలితో సీటును నొక్కాడు. ఇనుము తగిలింది. కొత్త సీటు వచ్చేదాకా ఈ బండిని ఎవరూ తోలొద్దన్నాడు. రేపటినుంచి ఉరుకుందును వేబ్రిడ్జి దగ్గరికి రమ్మన్నాడు.

మద్దిలేటి క్లీనరును పిలిచి, ఇందాక వేసిన కేకకు ఇంకో కేక బాకీ ఉన్నావు పో అన్నాడు. వాడికి కావలసిందీ అదే. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇంకా గట్టిగా వేసుకుంటూ పోయాడు.

షెడ్డులో చాపలు పరిచారు. మేనేజరు కూర్చున్నాడు. తిరిగొచ్చిన క్లీనరు కూర్చున్నాడు. వడ్డిస్తానన్న సుంకులమ్మను ఉస్తాదు వినకుండా కూర్చోబెట్టాడు. ఉరుకుందు మాత్రం రెండు రొట్టెలు చేతిలో పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన అన్నం తినేది ఎప్పుడూ నిలబడే. కూర్చుంటే లేవడం కష్టం.

మద్దిలేటి లేచాడు. మిషను పెట్టె, లోపలంతా మెత్తటి స్పాంజి ఉన్న పెట్టె, తెచ్చాడు. మీటరూ బిళ్లా తీసి తన పళ్లెం పక్కన పెట్టుకుని, పెట్టె తెరిచి స్పాంజి ఇవతలికి ఉండేలా గోడకు ఆనించాడు. ఉరుకుందు చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దింపాడు.

ఉరుకుందు వీపు స్పాంజికి తగలగానే కాస్త ముందుకు జరగబోయి, మద్దిలేటి మొహం చూసి ఆగాడు. వెనక్కి వాలాడు. పెట్టె కిర్రుమంది. ఇంకా వాలాడు. కాళ్లు బారజాపాడు.

ఉస్తాదు కళ్లద్దాలు సర్దుకుని, ఆ మనిషిని పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూశాడు.

"ఇప్పుడు కూర్చున్నాడు" అని, రొట్టె తుంచాడు.