బూరెమ్మ చొక్కా మీద అమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది, పాము ఉంది, వాటితో పాటు ఒక చొక్కాల దుకాణం కూడా ఉంది. నవ్వకండి మరి! చొక్కాలు మనకేనా, వాటికి వద్దా? కుందేలుకు జేబురుమాలంత చొక్కా, ఏనుగుకు పెళ్ళిపందిరంత చొక్కా. ఎవరి కొలతకు వారికి కుట్టి, రొమ్ము మీద కోరిన బొమ్మ అచ్చు వేసి ఇచ్చేవారు అక్కడ.

దుకాణం యజమాని గుబురయ్య అనే ఎలుగుబంటి. మనసు వెన్న, నోరు మాత్రం ఒకటే గోల. అతని దగ్గర అచ్చుకు అట్టలు సిద్ధం చేసే పని సూదమ్మది. సూదమ్మ వడ్రంగిపిట్ట. తాటాకులు అతికించి చేసిన అట్ట మీద ముక్కుతో టకటకా చిల్లులు పొడిచేది. ఆ అట్టను గుడ్డ మీద పరిచి, పైనుంచి గుబురయ్య నల్ల సిరా పులిమేవాడు. చిల్లు ఉన్నచోట సిరా దిగేది, లేనిచోట గుడ్డ తెల్లగా మిగిలేది. ఆకంటే ఆకు, చేపంటే చేప, చక్కగా పడేది.

పనిలో సూదమ్మకు వంక పెట్టేవారు లేరు. ఒక్కటే దాని లోపం. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, దాని గొంతు పెగిలేది కాదు. తప్పని తెలిసినా సరే "చిత్తం, చిత్తం" అనేసేది.

ఒకనాడు నేల అదిరేలా నడుస్తూ ఐరావతమ్మ వచ్చింది. ఆవిడ ఏనుగుల మందకు పెద్ద. ఆవిడ తోక పట్టుకుని వెనకాల మనవరాలు వచ్చింది. దాని బుగ్గలు బూరెల్లా ఉంటాయని అందరూ బూరెమ్మ అని పిలిచేవారు.

ఐరావతమ్మ ఒక చెక్కపలకను మెల్లగా బల్ల మీద పెట్టింది. దాని మీద బొగ్గుతో గీసిన ఏనుగు ముఖం ఉంది.

"నా కూతురు శ్యామల నాయనా, ఈ పిల్ల తల్లి," అంది ఐరావతమ్మ. "కిందటి వానాకాలం వరదలో కొట్టుకుపోయింది. ఎప్పుడో ఒక కొండముచ్చు సరదాకి గీసిన ఈ బొమ్మ ఒక్కటే మాకు మిగిలింది. ఈ పిల్ల దాన్ని హత్తుకుంటే గానీ నిద్రపోదు. తెల్లారేసరికి బొగ్గంతా దీని చెంపలకు అంటుకుని ఉంటుంది. చెవులు చెరిగిపోయాయి. తొండం చివర పోయింది. వద్దంటే పిల్ల ఏడుస్తుంది, ఊరుకుంటే బొమ్మ పోతుంది. నేనేం చెయ్యను, చెప్పు!"

గుబురయ్య ముక్కు ఎగబీల్చాడు.

"దీని చొక్కా మీద వాళ్ళమ్మను అచ్చు వేసివ్వు. ఎంత హత్తుకున్నా చెరగకూడదు. వానలు బలపడితే మంద కొండ అవతలికి వెళ్ళిపోవాలి. ఆలోపు కావాలి," అంది ఐరావతమ్మ.

"ఎంతమాట తల్లీ! మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాడు గుబురయ్య. అనేశాడు గానీ, ఆవిడ అటు వెళ్ళగానే తల పట్టుకున్నాడు. ఎందుకంటారా? బొగ్గు బొమ్మలో చెంప మీద లేతనీడ ఉంది, కళ్ళ కింద ముడతలున్నాయి, నుదుటి మీద మెరుపుంది. అతని దగ్గర ఉన్నదేమో ఒక్క నల్ల సిరా. సిరా పడితే కారునలుపు, పడకపోతే తెలుపు. లేతనీడ ఎక్కణ్ణుంచి తెచ్చేది?

సిరా కాచే కాకి నల్లయ్య ముందుకొచ్చాడు. "దీనికింత ఆలోచనా? ముఖం నల్లన, కాబట్టి ముఖమంతా కత్తిరించెయ్యడమే!" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. అట్టలో ముఖం ఆకారాన పెద్ద కంత పెట్టాడు. గుబురయ్య సిరా పులిమాడు. గుడ్డ మీద నల్లటి బండరాయి లాంటిది వచ్చింది.

అమ్మమ్మతో మళ్ళీ వచ్చిన బూరెమ్మ దాన్ని చూసింది. "అమ్మ చీకట్లో కూర్చుందా? కాస్త వెలుతురులోకి రమ్మను అమ్మమ్మా," అంది.

ఆ మాటకు నల్లయ్య ఆ గుడ్డను గబగబా చుట్టి పక్కన పడేశాడు.

ఆ సాయంత్రం సన్నగా తుంపర పడింది. దుకాణం ముందు నేలంతా దుమ్ము. సూదమ్మ కొమ్మ మీద దిగులుగా కూర్చుని నేలకేసి చూస్తోంది. చినుకులు దట్టంగా పడ్డచోట నేల నల్లబడింది. పలచగా పడ్డచోట లేతగా కనిపించింది. నీళ్ళు అవే, దుమ్మూ అదే. అయినా ఎన్ని నీడలు!

"ఓరి నా తెలివి తెల్లారా! ఇన్నాళ్ళూ నా ముక్కు చేసే పని ఇదేగా!" అని ఎగిరి గంతేసింది సూదమ్మ.

మర్నాడు అట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. నీడ చిక్కగా ఉన్నచోట పెద్ద చిల్లులు, పలచగా ఉన్నచోట చిన్న చిల్లులు పొడిచింది. నుదుటి మీద మెరుపున్న చోట అసలు ముక్కే పెట్టలేదు. మధ్యలో ఒక పాతగుడ్డ మీద నాలుగు చుక్కలు అచ్చు వేసి చూసింది. తీరా చూస్తే, ఆవగింజంత చిల్లులోంచి దిగిన సిరా గుడ్డ మీద పడగానే పెసరగింజంత అయి కూర్చుంది! గుడ్డకు దాహం ఎక్కువ. దొరికిన సిరాను దొరికినట్టు తాగి నాలుగు పక్కలకీ పాకిస్తుంది. అందుకని సూదమ్మ ప్రతి చిల్లునూ కావాల్సిన దానికంటే కాస్త చిన్నదే చేసింది. మరీ చిన్నదైతే సిరా దిగదు, అదీ చూసుకుంది.

అట్ట పూర్తయింది. గుబురయ్య దాన్ని తన నల్లటి రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. చిల్లుల్లోంచి ఆ నలుపు తొంగిచూసి శ్యామల ముఖం కనిపించింది. కానీ చూడవచ్చిన ఐరావతమ్మ పెదవి విరిచింది.

"ఏమిటమ్మా ఇది? నా కూతురు నిగనిగలాడుతూ ఉండేది. ఇదేమో పథ్యం మీద ఉన్నదానిలా పాలిపోయింది. ఆ చిల్లులు పెద్దవి చెయ్యి!"

"అది కాదు పెద్దమ్మగారూ, గుడ్డ..." అని సూదమ్మ నసిగింది.

"గుడ్డ సంగతి నాకెందుకు? కన్నతల్లిని, నా బిడ్డ ముఖం నాకు తెలియదా?" అని ఐరావతమ్మ చెవులు విదిల్చింది.

గుబురయ్య సూదమ్మను మోచేత్తో పొడిచాడు. "ఊఁ అనవే! పెద్దావిడ కడుపుకోత మీద మాట్లాడుతుంటే ఎదురు చెబుతావా?"

సూదమ్మ మళ్ళీ అట్టకేసి చూసింది. పాతగుడ్డ మీది చుక్కలు కళ్ళముందు కదిలాయి. అయినా పాడు అలవాటు పోతుందా? "చిత్తం," అనేసింది. ఒక్కో చిల్లునూ మళ్ళీ పొడిచి పెద్దది చేసింది. ఈసారి అట్ట చూసి అందరూ ఆహా ఓహో అన్నారు. ఐరావతమ్మ కళ్ళు తుడుచుకుంది. సూదమ్మకు మాత్రం ఆ మెచ్చుకోళ్ళు చేదుగా ఉన్నాయి.

గుబురయ్య సిరా పులిమి అట్ట ఎత్తాడు. ఒక్క క్షణం ముఖం కనిపించింది. అంతలోనే గుడ్డ తాగడం మొదలుపెట్టింది. చుక్క పక్క చుక్కను కలుపుకుంది. చెంపలు నిండిపోయాయి, ముడతలు పూడిపోయాయి, ఆఖరికి కళ్ళు కూడా నలుపులో కలిసిపోయాయి.

బూరెమ్మ చూస్తూనే ఉంది.

"అమ్మ మళ్ళీ మునిగిపోయింది అమ్మమ్మా," అంది.

అయ్యో, ఆ మాట వింటే రాయికైనా కడుపు తరుక్కుపోదూ! ఐరావతమ్మ మనవరాలిని దగ్గరకు లాక్కుంది. గుబురయ్య కంగారుగా "గుడ్డ నాసిరకం తల్లీ, ఈసారి..." అని మొదలుపెట్టాడు.

సూదమ్మ బల్ల మీదకు దిగింది. "గుడ్డ తప్పేం లేదు బాబాయ్. తప్పు నాది," అంది. "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు పెద్దమ్మగారూ. మీరు కోప్పడతారని చెప్పలేదు."

ఐరావతమ్మ దాన్ని తేరిపార చూసింది.

"కోప్పడేదాన్నే," అంది. "నా కోపం ఎంతసేపే పిచ్చిపిట్టా? చెరువుకెళ్ళి నాలుగు తొండాల నీళ్ళు పోసుకుంటే పోయేది. నువ్వు నాకు తలాడించావు, ఇక్కడ పసిపిల్ల ఏడ్చింది. ఏది ఎక్కువ?"

సూదమ్మ తల వంచుకుంది.

"చెక్క మీద ఇంకా కళ్ళు మిగిలున్నాయి. మళ్ళీ మొదలుపెట్టు," అంది ఐరావతమ్మ. "నేను అరిచినా సరే, నీకు తెలిసింది చెప్పు."

అప్పటికి వాన ముసురుపట్టింది. చెక్క మీద మిగిలినవి ఆ రెండు కళ్ళూ, వాటి కింద ముడతలూ, సగం చెంప. బూరెమ్మ ఇంకొక్కసారి హత్తుకుంటే అవీ ఉండవు. సూదమ్మ కొత్త అట్ట తీసుకుంది. పొడుచుకున్న చిల్లును పూడ్చడం ఎవరి తరమూ కాదు కాబట్టి ప్రతి పోటుకూ ముందు ఆగి, గుడ్డ ఎంత తాగుతుందో తలుచుకుని, అంత చోటు వదిలి పొడిచింది. చెరిగిపోయిన నుదురూ, చెవులూ, తొండం చివరా ఎలా ఉండేవో ఐరావతమ్మను అడిగి అడిగి పొడిచింది.

అట్టను గుబురయ్య రొమ్ముకు ఆనిస్తే మొదటి దానికంటే కూడా పాలిపోయి ఉంది. "దీనికంటే నా బండరాయే నయం," అని నల్లయ్య గొణిగాడు. ఐరావతమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కానీ బూరెమ్మను ఎవరు ఆపగలరు? అది తొండంతో అట్టను తడిమి, "ఇందులో అమ్మ లేదు. ఇంకాస్త గట్టిగా పొడవ్వూ పిన్నీ," అని బతిమాలింది.

పెద్దవాళ్ళు కసిరితే ఓర్చుకోవచ్చు గానీ, పసిపిల్ల బతిమాలితే ఎలా? సూదమ్మకు ఏడుపొచ్చింది. ముక్కు దానంతటదే అట్ట మీదకు వంగింది. ఒక్క పోటు పొడిస్తే పిల్ల నవ్వుతుంది. కానీ సూదమ్మ ముక్కు వెనక్కి తీసుకుంది.

"పొడవను తల్లీ," అంది. "ఇప్పుడు నీకు నచ్చేలా చేస్తే రేపు నీకు అమ్మ ఉండదు. నా మీద అలుగు, పర్వాలేదు."

బూరెమ్మ అలిగి అటు తిరిగి నిల్చుంది. సూదమ్మ గుబురయ్యకు సైగ చేసింది. అతను సిరా పులిమి అట్ట తీశాడు. గుడ్డ తాగింది. చుక్కలు పాకాయి, పెద్దవయ్యాయి, పక్క చుక్కను తాకబోయి తాకకుండా ఆగిపోయాయి.

ఉండబట్టలేక బూరెమ్మ వచ్చి గుడ్డకు ముఖం ఆనించి చూసింది. "అన్నీ చుక్కలే!" అని బావురుమంది.

"వెనక్కి నడు తల్లీ," అంది సూదమ్మ. "ఇంకా... ఇంకాస్త... ఆఁ, అక్కడ ఆగి ఇప్పుడు చూడు."

బూరెమ్మ చూసింది. దాని ఏడుపు ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. చెంప మీద నీడతో, కళ్ళ కింద ముడతలతో, నుదుటి మీద మెరుపుతో వాళ్ళమ్మ దానికేసే చూస్తోంది. ఎంతకాలమైందో అది అలా పిలిచి! తొండం పైకెత్తి అడవి మారుమోగేలా "అమ్మా!" అని అరిచింది. ఐరావతమ్మ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

బూరెమ్మ పరుగున వచ్చి గుడ్డను చుట్టేసుకుంది. సిరానంతా గుడ్డ తాగేసింది కాబట్టి, ఎంత హత్తుకున్నా చెంపకు నల్లటి మరక అంటలేదు.

సూదమ్మకు ఒక్క బెంగ మిగిలింది. "దగ్గరికొస్తే మళ్ళీ చుక్కలే కనిపిస్తాయి తల్లీ. దానికి నేనేమీ చెయ్యలేను," అని ఉన్నమాట చెప్పింది.

"పర్వాలేదు పిన్నీ," అంది బూరెమ్మ. "అమ్మ దగ్గరికి తీసుకుంటే నేను ఎప్పుడూ కళ్ళు మూసుకునేదాన్నిగా!"

గుబురయ్య ఆ గుడ్డను చొక్కాగా కుట్టిచ్చిన రాత్రి, బూరెమ్మ దాన్ని హత్తుకుని అలా కళ్ళు మూసుకునే నిద్రపోయింది.

పిల్లలూ, మనవాళ్ళనుకున్న వారికి ఆ పూట నచ్చే మాట కాదు, రేపు పనికొచ్చే నిజం చెప్పాలి.