నువ్వెక్కడ నుంచుని చూశావు?

ఎండాకాలం ముదిరిందంటే కొర్రగుట్ట కింద జంతువులకు రెండే పనులు. ఒకటి నీళ్లు వెతుక్కోవడం, రెండోది బంతాట గురించి కొట్టుకోవడం. నిజానికి ఆ రెండూ ఒకటే పని. వాగు ఎండిపోయాక ఆ చుట్టుపక్కల మిగిలేది ఇసుకలో ఊరే ఒక్క చెలమ. పొద్దున్నే దాని దగ్గరికి ఎవరు ముందు వెళ్తే వాళ్లకు తేట నీళ్లు, వెనక వెళ్లినవాళ్లకు బురద. ముందు ఎవరు వెళ్లాలన్నది ఏటా ఒక ఆటతో తేల్చుకుంటారు. గెలిచిన జట్టుదే ఆ వేసవంతా మొదటి వంతు.

బంతి బడిపిల్లలు తుప్పల్లో పోగొట్టుకున్నది. ఆట కూడా ఆ పిల్లలను చూసి నేర్చుకున్నదే. కొమ్ములతో పొడవకూడదన్న నిబంధన మాత్రం వీళ్లే చేర్చుకున్నారు. అటు రెండు రాళ్లు, ఇటు రెండు రాళ్లు, రాళ్ల మధ్య గిట్టతో గీసిన గీత. బంతి ఆ గీత దాటితే గోలు. మేకలూ కుందేళ్లూ గుట్ట జట్టు. గేదెలూ పందులూ వాగు జట్టు. రిఫరీ ఒక ముసలి ఎద్దు. అందరూ పెద్దయ్యా అని పిలుస్తారు. దాని మెడలో గంటే ఈల. తల ఊపి గంట మోగిస్తే గోలు, మోగించకపోతే కాదు. అంతే సంగతి.

ఆ ఏడు అంతటితో అయిపోలేదు. వాగు జట్టు ఒక్క గోలు ముందుంది. పొద్దు వాలుతుండగా మేకలు ఒక్కసారిగా దూసుకుపోయాయి. బంతి వాగు జట్టు రాళ్ల మధ్య కాపలా ఉన్న గేదె పొట్ట కిందికి వెళ్లి, తిరిగి బయటికి వచ్చింది. గుట్ట జట్టంతా గోలని గంతులేసింది. గంట మోగలేదు. కాసేపటికి ఆట ముగిసింది. వాగు జట్టు గెలిచింది.

ఇక ఇళ్లకు ఎవరు పోతారు? మైదానం మధ్యలో గుంపు కట్టారు.

"పెద్దయ్యా, బంతి గీత దాటింది. నా కళ్లతో చూశా," అంది మేక.

"దాటలేదు. నేనూ నా కళ్లతోనే చూశా. అరువు తెచ్చుకున్న కళ్లేం కావు," అంది పంది.

"జానెడు దాటింది," అంది కోతి. అది ఏ జట్టులోనూ ఆడదు కానీ, చెట్టెక్కి గుట్ట జట్టు కోసం గొంతు చించుకుంటుంది. "కొమ్మ మీంచి చూశా. అంతకంటే బాగా ఎవరికి కనపడుద్ది?"

"కొమ్మ మీద కూర్చున్న ప్రతివాడూ రిఫరీ అయితే ఇంక ఎద్దెందుకు? పోయినేడు కుందేలు చేతికి బంతి తగిలితే మాకు రావాల్సింది ఇచ్చారా? అప్పుడేమైంది నీ నోరు?" అంది పంది.

"అది చెయ్యా? ముందు కాలు! కుందేలుకి చేతులెక్కడివి?"

"తినేటప్పుడు మాత్రం చేతులు, ఆడేటప్పుడు కాళ్లా?"

ఇలాంటి వాదనలకు అంతుండదు. ఇవాళ్టి గోలు పోయి పోయినేటి గోలు వచ్చింది, అదీ పోయి పంది తాత కాలం నాటి గోలు వచ్చింది. ఎద్దు కళ్లు మూసుకుని వింటోంది. కాపలా ఉన్న గేదె ఒక పక్కన నుంచుని నెమరేసుకుంటోంది.

"నీకిది ఆట," అని మేక పందితో ఉన్నట్టుండి అంది. "నాకు పిల్లలున్నాయి. మీరు ముందు దిగి పొర్లిపోతే మాకు మిగిలే నీళ్లేంటో నీకు తెలుసు. పోయినేడు ఆ నీళ్లు తాగే నా చిన్నది పోయింది. ఈ ఏడు ఇంకో రెండున్నాయి నాకు."

పంది తల దించి గిట్టతో ఇసుక గీకింది.

సరిగ్గా అప్పుడు నక్క వచ్చింది. ఆట జరుగుతున్నంతసేపూ అది గుట్ట మీద తన బొరియలో నిద్రపోయి, అరుపులకు లేచి వచ్చిందన్న సంగతి మీకూ నాకూ తప్ప అక్కడెవరికీ తెలియదు. గుంపు వెనక కాసేపు నుంచుని రెండు పక్షాల మాటలూ విన్నది. దానికి గోలుతో పనిలేదు, దాని కళ్లు ఎద్దు మెడలో గంట మీద ఉన్నాయి. ఆ గంట ఎవరి మెడలో ఉంటే నీళ్ల వంతు వాళ్ల మాటలో ఉంటుంది, నీళ్ల వంతు చేతిలో ఉన్నవాడి ముందు గుట్టా వాగూ రెండూ తల వంచాల్సిందే. ఇక మేకపిల్ల ఒకటి తప్పిపోయినా గట్టిగా అడిగేవాళ్లుండరు. ఎవరు ఎక్కువ బాధలో ఉన్నారో చూసుకుని, ఆ పక్కకు చేరింది.

"ఏడవకు మేకక్కా, నేను చూశా. గోలే," అంది.

"నువ్వు చూశావా బావా?"

"చూడ్డమేంటి? మూరెడు దాటింది."

"నేను జానెడన్నానే," అంది కోతి.

"నువ్వు చెట్టు మీంచి చూశావు. నేను పక్కనే ఉన్నా." నక్క ఎద్దు వైపు తిరిగింది. గొంతులో ఎక్కడలేని మర్యాద వచ్చింది. "పెద్దయ్యా, వయసు మీద పడ్డాక చూపు తగ్గడం తప్పు కాదు. చూపు తగ్గినా గంట మెడలో ఉంచుకోవడం తప్పు. ఇన్నేళ్లు మోశారు, ఇక దించండి. నా మెడలో వేయండి. నా మొదటి తీర్పు ఇదే, అది గోలు. ఆట సమం. సమమైతే ఒకరోజు మేకలు ముందు, ఒకరోజు గేదెలు ముందు. రేపు పొద్దున మేకక్క పిల్లలే తేట నీళ్లు తాగుతాయి."

గుట్ట జట్టు గోలగోలగా సరే సరే అంది. మేక మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది. నక్క ఎలాంటిదో దానికి తెలియక కాదు. కానీ పిల్లలు గుర్తొచ్చాయి. నెమ్మదిగా నడిచి వెళ్లి నక్క పక్కన నుంచుంది.

ఎద్దు కళ్లు తెరిచింది.

"ఇస్తా. నేను పొరపాటు పడి ఉండొచ్చు. కాదనను. కానీ మన మైదానానికి ఒక పద్ధతుంది. తీర్పు మీద మాట్లాడేవాళ్లు ఎక్కడ నుంచుని చూశారో అక్కడికెళ్లి నుంచుని మాట్లాడాలి. గుంపులో నుంచుని కాదు. అందరూ మీ మీ చోట్లకు వెళ్లండి. గేదమ్మా, నువ్వు రాళ్ల మధ్య నుంచో."

కోతి చెట్టెక్కింది. ఎక్కి, తల అటు వంచింది, ఇటు వంచింది.

"ఏం రా, కనపడుతోందా?"

"గుబురు అడ్డమొస్తోంది పెద్దయ్యా," అంది కోతి. తల గోక్కుంది. "మరి నాకెలా కనపడింది? కేక వినపడింది. కేక విని, చూశాననుకున్నానేమో."

పంది తన చోటుకు వెళ్లింది. అది గట్టు వారన చల్లటి గుంట.

"నుంచునే చూశావా?"

"పడుకుని చూశా. ఎండగా ఉందిగా."

"అయితే పడుకుని చూడు."

పడుకుంటే పందికి కనపడింది గట్టు మీద గడ్డి ఒక్కటే. ఆ సంగతి పైకి చెప్పలేదు కానీ, "దాటలేదు" అన్న మాట కూడా మళ్లీ అనలేదు.

మేక మైదానం ఆ చివర, తన జట్టు రాళ్ల దగ్గర ఉంది. అక్కణ్ణించి అరిచింది. అరుపులో బలం లేదు. "ఇక్కడికి గీత కనపట్టంలేదు పెద్దయ్యా. మావాళ్లు గంతులేశారు. గోలైతే బాగుండని నాకూ ఉంది. అందుకని..."

మిగిలింది నక్క. అది మైదానమంతా ఒకసారి కలియజూసింది. వాగు జట్టు రాళ్లలో కుడివైపు దాని వెనక ఒక్క అడుగు జాడ కూడా లేదు. ఎవరూ లేని చోటైతే కాదనేవాడూ ఉండడు. నక్క బుర్ర అంతవరకు బాగానే పనిచేసింది. అందరూ తొక్కే మైదానంలో ఆ కాస్త చోటే ఎందుకు ఖాళీగా ఉందన్న ప్రశ్న మాత్రం దానికి తట్టలేదు. అక్కడ గండుచీమల పుట్ట ఉంది. ఆ సంగతి నిన్న పుట్టిన కుందేలుకు కూడా తెలుసు.

"ఆ కుడిరాయి వెనక," అంది నక్క. "ఆట మొదలైనప్పటి నుంచీ అడుగు కదపలేదు."

కోతి నోరు తెరవబోయింది. ఎద్దు దాని వైపు ఒక్క చూపు చూసింది. కోతి నోరు మూసుకుంది.

"వెళ్లి నుంచో అయితే. కదలకుండా చెప్పు," అంది ఎద్దు. "బంతి ఎవరందించారు?"

నక్క వెళ్లి దర్జాగా నుంచుంది. "కుందేలు."

"ఎటు నుంచి?"

"ఎడమ..." నక్క ఒక కాలు ఎత్తి దించింది. "ఎడమ వైపు నుంచి."

"తొందరేం లేదు, నిదానంగా చెప్పు. ఎవరు కొట్టారు?"

"మే... మేక." ఈసారి రెండో కాలు ఎత్తింది. తోక విదిలించింది.

"ఏ మేక? నల్లదా, చుక్కలదా?"

"నల్ల... అబ్బా! చుక్క... అమ్మో!" నక్క నిలువునా ఎగిరింది. కాళ్లు ఇసుకలో రాసుకుంటూ, వెనక్కి వంగి తోక కొరుక్కుంటూ, తుప్పల్లోకి పరుగు తీసింది.

"ఆటంతా అక్కడే ఉన్నావుగా బావా, ఇంకాస్సేపు ఉండలేవా?" అని కోతి చెట్టు మీంచి అరిచింది. మైదానమంతా పగలబడి నవ్వింది.

నవ్వు ఆగాక అసలు చిక్కొచ్చింది. పంది గుంటలోంచి లేచి ఒళ్లు దులుపుకుంది.

"తేలిపోయిందిగా! గోలన్నదంతా నక్క కట్టిన కథ. చూశామన్నవాళ్లెవరూ చూడలేదు. పదండి, రేపు మొదటి వంతు మాదే."

గుంపు కదిలింది. కోతి కూడా చెట్టు దిగింది. కాసేపటి క్రితం గోలని గొంతు చించుకున్న కుందేళ్లు తలలు దించుకున్నాయి. నక్క పక్కన నుంచున్నందుకు మేకకు నోరెత్తే మొహం లేకుండా పోయింది. అది పిల్లలను వెతుక్కుంటూ గుట్ట వైపు తిరిగింది.

"ఆగండి," అంది ఎద్దు. "ఇంకా ఒకరు తన చోటుకు వెళ్లలేదు."

"ఎవరు?"

"నేను."

ఎద్దు బరువుగా అడుగులేసుకుంటూ మైదానం పక్కకు నడిచింది. బంతి గేదె కిందికి వెళ్లినప్పుడు తానున్న చోటు గుర్తు చేసుకుని అక్కడ నుంచుంది. ఎదురుగా రాళ్ల మధ్య గేదె. మెడ చాచి అటూ ఇటూ చూసింది.

"ఇక్కణ్ణించి గేదె వీపు తప్ప ఏమీ కనపట్టంలేదు," అంది చివరికి. "అప్పుడూ కనపళ్లేదు. నాకు కనపళ్లేదు కాబట్టి దాటలేదనుకున్నా. కనపడకపోవడం వేరు, దాటకపోవడం వేరు. ఆ నక్క చూడందాన్ని ఉందంది, నేను చూడందాన్ని లేదన్నా. పెద్ద తేడా ఏం లేదు."

తన మెడలో గంట ఉండగా ఆ మాట అనడం తేలిక కాదు.

"గేదమ్మా, అందరికంటే గీతకు దగ్గరున్నది నువ్వు. నీకేం కనపడింది?"

గేదె నమలడం ఆపింది.

"లోపలికే వచ్చింది పెద్దయ్యా. గీత దాటాకే నా వెనక కాలికి తగిలి బయటికి పోయింది."

"నీకు మతిపోయిందా?" పంది గింజుకుంది. "మన జట్టు, మన నీళ్లు! ఇంతసేపూ గమ్మునుండి ఇప్పుడా చెప్పడం?"

"ఇంతసేపూ నన్నెవరడిగారు? అందరూ చెప్పేవాళ్లే." గేదె మేక వైపు చూసింది, చూపు తిప్పేసుకుంది. "తేట నీళ్లు నాకు మాత్రం చేదా? ఎవరూ అడక్కపోతే బాగుండనే నుంచున్నా. అడిగారు. దాని మొహం చూస్తూ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు."

ఎద్దు తల ఊపింది. గంట మోగింది. ఆట సమం. ఇక రోజు మార్చి రోజు వంతు, రేపు గుట్ట జట్టుది. పంది గొణుక్కుంటూ వెళ్లిపోయింది. మేక గేదె దగ్గరికి వెళ్లి దాని మెడకు తల ఆనించింది. గేదె మళ్లీ నెమరేసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు తుప్పల్లోంచి నక్క తిరిగొచ్చింది. నాలుగు కాళ్లూ ఉబ్బి ఉన్నాయి, ముక్కు మీద ఇంకో వాపు.

"విన్నా, అంతా విన్నా!" అంది కుంటుకుంటూ. "గోలే అని మొదట అన్నదెవరు? నేను! ఇప్పుడేమంటారు? గంటివ్వండి."

కోతి ఆలోచనలో పడింది. "పెద్దయ్యా, ఒకందుకు నక్క అన్నది నిజమేగా?"

"గోలన్నది నిజం. చూశానన్నది అబద్ధం. దీని అబద్ధం బయటపడగానే ఆ నిజాన్ని కూడా దీంతోపాటు తరిమేసి ఇళ్లకు బయల్దేరాం మనం. నేనూ బయల్దేరేవాణ్ణే."

"నీ పక్కన నుంచున్నందుకు నా పిల్లల నీళ్లు పోయేవి బావా," అంది మేక. కోపంగా అనలేదు. అలసిపోయి అంది. "ఇంకెప్పుడూ నా తరఫున మాట్లాడకు."

అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నక్క మాత్రం, బంతి మూరెడు దాటిందో జానెడు దాటిందో ఇంకా వివరిస్తూనే ఉంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

నీతి: నిజానికి దొంగసాక్షి తోడైతే, ముందుగా పరువు పోయేది నిజానికే.