ఉమ్మడిబీడుకు బొట్లయ్య ప్రయాణం

అనగనగా ఒక రాళ్ళ అడవి. ఆ అడవిలో బొట్లయ్య అనే చిరుతపులి ఉండేవాడు. ఒంటినిండా బొట్లు, అందుకే ఆ పేరు. పేరుకి చిరుతపులే కానీ, పాపం, తినేది మాత్రం కుందేళ్ళు, అడవికోళ్ళు. అవీ దొరకని రోజు ఏటి ఒడ్డున ఎండ్రకాయలు. ఎందుకంటే ఆ అడవిలో దుప్పులు లేవు. ఒకప్పుడు ఉండేవట. వానలు తగ్గి, గడ్డి ఎండి, అవన్నీ మంద కట్టుకుని వెళ్ళిపోయాయట.

ఎక్కడికి వెళ్ళాయో బొట్లయ్యకు తెలుసు. ఏరు దాటాలి. ఏటి అవతల తూర్పుకొండ దాటాలి. ఆ కొండ దిగితే ఉమ్మడిబీడు. అక్కడంతా గడ్డే. ఆ బీడు ఏ పులి సొంతమూ కాదు, ఏ చిరుత సొంతమూ కాదు. అందరిదీ. ఎవరైనా రావచ్చు, వేటాడుకోవచ్చు, మళ్ళీ తమ దారిన తాము వెళ్ళవచ్చు.

సాయంత్రం పూట తూర్పుగాలి తిరిగితే చాలు, బొట్లయ్య బండ మీదకెక్కి ముక్కు పైకెత్తి కూర్చునేవాడు. గాలిలో గడ్డి వాసన. గడ్డి వాసన వెనకాల, సన్నగా, దుప్పి వాసన. అంత దూరం నుంచి వాసన వస్తుందా అని అడక్కండి పిల్లలూ. ఆశపడ్డవాడి ముక్కు వేరు. ఆ వాసనకు వాడి గుండె లాగేసేది. కడుపు నిండిన రోజున కూడా ఆ బాధ వదిలేది కాదు. 'నా పళ్ళు అరిగేలోగా, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉమ్మడిబీడులో కొమ్ముల దుప్పిని వేటాడాలి' అనుకునేవాడు.

బొట్లయ్య ఊరికే అనుకుని ఊరుకునే రకం కాదు, ఏర్పాట్లు చేసుకునే రకం. ఆ అడవిలో నాంచారత్త అనే ముసలి నక్క ఉండేది. ఏటేటా ఉమ్మడిబీడుకు వెళ్ళి వచ్చేది. వేటకు కాదు లెండి, వేటాడినవాళ్ళు వదిలేసిన ఎంగిళ్ళకు. బొట్లయ్య రోజూ ఆమె బొరియ దగ్గర చేరేవాడు.

"అత్తా, ఏరు ఏ నెలలో తగ్గుతుంది?"

"మాఘంలో."

"కొండ మీద నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?"

"రెండు బండల మధ్య ఊట ఉంది."

"దుప్పుల కొమ్ములు ఎప్పుడు గట్టిపడతాయి? పొద్దున గాలి ఎటు నుంచి వీస్తుంది? అక్కడ పడుకోవడానికి..."

"ఓరి నీ ఆశ కాలిపోనూ! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందు ఏరు దాటు అల్లుడూ, పడక సంగతి తర్వాత చూద్దాం" అని నవ్వేది నాంచారత్త. నవ్వుతూనే అన్నీ చెప్పేది.

మొదటి ఏడు బొట్లయ్య తొందరపడ్డాడు. మాఘం దాకా ఆగలేక కార్తీకంలోనే బయల్దేరాడు. ఏరు నిండుగా పారుతోంది. మూడు రోజులు ఒడ్డున కూర్చుని, అవతలి గట్టు చూసి చూసి, వెనక్కి వచ్చేశాడు.

రెండో ఏడు మాఘంలోనే బయల్దేరాడు. ఏరు దాటాడు. తూర్పుకొండ మొదట్లో పెద్దపులి ఎదురొచ్చింది. ఆ కొండ ఆమెది. "నాకు ఈమధ్యే పిల్లలు పుట్టారు. ఈ ఏడు నా గడప మీదుగా ఎవరినీ పోనివ్వను" అంది. పసిపిల్లల తల్లితో వాదించేవాడు ఎవడుంటాడు? బొట్లయ్య తోక వాల్చుకుని ఇంటి దారి పట్టాడు. ఆ ఏడు వాడు బండ ఎక్కినప్పుడల్లా నాంచారత్త చూసి జాలిపడేది.

మూడో ఏడు నాంచారత్త తనే వచ్చి లేపింది. "లే అల్లుడూ. ఏరు మోకాలి లోతు ఉంది. పులి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నేనూ వస్తాను పద. కానీ అక్కడి కట్టుబాట్లు మూడున్నాయి, విను. బీడు మొదట్లో కొండముచ్చులు ఆపుతాయి. వాటికి 'వచ్చాను, పోతాను' అని మాట ఇవ్వాలి. ఆ సాయంత్రం వాగు దగ్గర అందరికీ కనపడేలా కూర్చోవాలి. మర్నాడు పొద్దున వేట. ఇక మూడోది, అన్నిటికన్నా పెద్దది. ఏ చెట్టు మీదా గోరు పెట్టకూడదు."

"అంతేనా?" అన్నాడు బొట్లయ్య.

"అంతేనా అంటాడు చూడు! మీ చిరుతలకు అదే కష్టం నాయనా" అంది నాంచారత్త.

నిజమే. చిరుతపులి తను తిరిగే చోట చెట్టు మీద గోళ్ళతో గీస్తుంది. 'ఇది నాది, ఇటు రాకు' అని ఆ గీతలకు అర్థం. రాళ్ళ అడవిలో బొట్లయ్య గీయని చెట్టు లేదు.

ఇద్దరూ బయల్దేరారు. ఏరు దాటారు. పెద్దపులి దారి ఇచ్చింది కానీ, "నా కొండ దిగేదాకా ఒక్క ఎలకనైనా ముట్టకు" అంది. బొట్లయ్య రెండు రోజులు ఊట నీళ్ళు తాగి నడిచాడు. మూడో రోజు మధ్యాహ్నం కొండ దిగుతూ ఒక మలుపు తిరిగాడు. అక్కడే నిలబడిపోయాడు.

ఎదురుగా ఉమ్మడిబీడు. పచ్చగా, గాలికి కదులుతూ, కనుచూపు మేరా గడ్డి. అందులో దుప్పులు. ఒకటా రెండా! తల్లులు, పిల్లలు, కొమ్ములున్నవి, కొమ్ములు మొలుస్తున్నవి. బొట్లయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'నేను కలగన్న దానికన్నా బాగుంది' అనుకున్నాడు. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఈ కొండ దగ్గరికి వచ్చినా నునుపుగానే ఉంది.

బీడు మొదట్లో ఓబులేసు అనే ముసలి కొండముచ్చు కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు. "ఎవరు బాబూ? మాట ఇవ్వు" అన్నాడు.

బొట్లయ్య నోరు తెరిచాడు. "వచ్చాను..." అని ఆగిపోయాడు. వాడి అడవిలో 'పోతాను' అని ఎవరూ అనరు. అది అపశకునం. గడప దాటేవాళ్ళంతా 'వెళ్ళొస్తాను' అనే అంటారు. మీ అమ్మ కూడా మీ చేత అలాగే అనిపిస్తుంది కదూ? అందుకని వాడు, "వచ్చాను, వెళ్ళొస్తాను" అన్నాడు.

కొమ్మల మీద కొండముచ్చు పిల్లలు కిచకిచా నవ్వాయి. ఓబులేసు నవ్వలేదు.

"అది మీ ఇంటి గడప దగ్గర అనే మాట నాయనా. 'వెళ్ళొస్తాను' అంటే మళ్ళీ వచ్చే హక్కు ముందే కొంగున ముడేసుకున్నట్టు. ఇక్కడ అది చెల్లదు. ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చినా కొత్తగానే రావాలి. 'పోతాను' అను" అన్నాడు.

బొట్లయ్య బీడు వంక చూశాడు. ఇప్పుడే కదా వచ్చింది! ఆ మాట అనడానికి వాడికి ప్రాణం ఒప్పలేదు. చివరికి, "వచ్చాను, పోతాను" అన్నాడు. కొండముచ్చులు దారి ఇచ్చాయి.

సాయంత్రం వాగు దగ్గర అందరికీ కనపడేలా కూర్చున్నాడు. దుప్పులు నీళ్ళకు వచ్చాయి, వాణ్ణి చూశాయి, అటు ఒడ్డున తాగి వెళ్ళాయి. వాటిలో ఒక పెద్ద కొమ్ముల దుప్పి ఉన్నాడు. మెడ నిలువుగా, నడక నిదానంగా. బొట్లయ్యకు వాణ్ణి చూడగానే తెలిసిపోయింది. 'ఇన్నేళ్ళూ నేను కలగన్నది వీణ్ణే' అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బీడు మధ్యలో ఉన్న ఒక వేగిస చెట్టు కింద పడుకున్నాడు. అక్కడి నుంచి బీడంతా కనిపిస్తుంది. గాలి చల్లగా ఉంది. నాంచారత్త పక్కన కునుకు తీస్తోంది. అంతా బాగుంది. అంత బాగుండడమే వాడికి ముప్పు తెచ్చింది.

'రేపు వేటాడతాను. ఎల్లుండి వెళ్ళిపోతాను' అనుకున్నాడు. 'నేను వెళ్ళిపోయాక ఈ చెట్టు కింద ఇంకెవరో పడుకుంటారు. నేను మూడేళ్ళు ఏడ్చి వచ్చిన చోటు, నిన్నగాక మొన్న అనుకుని వచ్చినవాడిది కూడా అవుతుందా? ఇదేం న్యాయం? వాళ్ళకు తెలుసా ఈ బీడు విలువ?' లోపలి నుంచి ఇంకో గొంతు, 'గోరు పెట్టకూడదన్నారు' అంది. బొట్లయ్య విన్నాడు. బాగానే విన్నాడు. 'ఒక్కసారి, గుర్తుకి. ఎవరు చూస్తారు?' అనుకున్నాడు. లేచి నిలబడి, చెట్టుకు ముందుకాళ్ళు ఆనించి, ఆపాదమస్తకం హాయిగా సాగి, గీశాడు.

వేగిస చెట్టు మామూలు చెట్టు కాదు. గీస్తే ఎర్రటి జిగురు కారుతుంది. ఆ సంగతి రాళ్ళ అడవివాడికి ఏం తెలుసు? గీసి, పడుకుని, ఏ చింతా లేకుండా నిద్రపోయాడు.

తెల్లవారింది. గాలి తను అనుకున్న వైపు నుంచే వీస్తోంది. మంచు లేస్తుండగా దుప్పులు గట్టు దిగాయి. పెద్ద కొమ్ముల దుప్పి ముందున్నాడు. బొట్లయ్య పొట్ట నేలకు ఆనించి గడ్డిలో పాకాడు. ఇరవై బారలు. పది బారలు. ఇంకొక్క దూకు.

"ఖకర్! ఖకర్!"

పైన ఓబులేసు అరిచాడు. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఆ కేక పాకింది. నెమళ్ళు అందుకున్నాయి. దుప్పులు తోకలు ఎత్తాయి. రెప్పపాటులో బీడు ఖాళీ అయిపోయింది.

బొట్లయ్య గడ్డిలోంచి లేచాడు. "ఇదేమిటి ఓబులేసు బాబాయ్? మాట ఇచ్చాను కదా!" అన్నాడు.

"నోరు పోతానంది, గోరు ఉంటానంది" అన్నాడు ఓబులేసు, వేగిస చెట్టు వైపు చెయ్యి చూపిస్తూ. బీడు ఈ కొస నుంచి ఆ కొస దాకా కనపడేలా, చెట్టు మీద ఎర్రగా నాలుగు గీతలు. నాంచారత్త ఆ గీతలు చూసింది. ఏడిపించడానికి ఎప్పుడూ ముందుండే ఆ ముసలిది, ఆ రోజు తల దించుకుంది.

బొట్లయ్య పరుగెత్తుకు వెళ్ళి ఆ జిగురు నాకేశాడు. మళ్ళీ కారింది. వాగులోంచి బురద తెచ్చి మెత్తాడు. ఎండకు బురద రాలి, ఎరుపు బయటపడింది. చివరికి చెట్టు కింద కూలబడి, "పొరపాటైంది. క్షమించండి. ఆ ఒక్కసారే" అని గట్టిగా అన్నాడు.

అప్పుడు, దూరంగా, గట్టు మీదకు పెద్ద కొమ్ముల దుప్పి వచ్చి నిలబడ్డాడు.

"నీ మీద మాకు పగ లేదు" అన్నాడు దుప్పి. "వేట మాకు కొత్త కాదు. వచ్చే భయం ఉంది, పోయే భయం ఉంది. అది పోయాక మేము తలదించి గడ్డి మేస్తాం, మా పిల్లలు ఆడుకుంటాయి. కానీ భయం వచ్చి కాపురం పెడితే? ఇక మేము మేసేదెప్పుడు? నువ్వు పోయినా నీ గీత ఇక్కడే ఉంటుంది. ఇకపై నువ్వు ఎప్పుడు వచ్చినా ఈ బీడంతా అరుస్తుంది."

"ఆ గాటు మీద బెరడు మూసుకునేదాకానా?" అని బొట్లయ్య ఆశగా అడిగాడు.

"మూసుకుంటే అప్పుడు చూద్దాం. మా తాతల నాటి గీతలు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి" అన్నాడు దుప్పి. అని, వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే నిదానంగా నడిచి వెళ్ళిపోయాడు.

బొట్లయ్య ఇంకో రెండు రోజులు ఉండి చూశాడు. చెవి కదిపితే కేక. కాలు కదిపితే కేక. ఆకలితో డొక్కలు అంటుకుపోయాయి. చేసేది లేక కొండ ఎక్కాడు. అందరిదీ అయిన ఆ చోటు, అడిగినవారికల్లా దొరికే ఆ చోటు, ఒక్క బొట్లయ్యకు మాత్రం కాకుండా పోయింది.

మళ్ళీ మాఘం వచ్చింది. నాంచారత్త ప్రయాణం కట్టింది.

"అల్లుడూ, వెళ్ళొస్తాను. నీకేం తెమ్మంటావు? రాలిన కొమ్ము దొరికితే తేనా?" అని అడిగింది.

"ఏమీ వద్దత్తా. పొద్దున్నే ఆ పెద్ద కొమ్ములవాడు ఎటు నుంచి దిగుతున్నాడో చూసి వచ్చి చెప్పు, చాలు" అన్నాడు బొట్లయ్య.

ఆమె ఇరవై రోజులకు తిరిగి వచ్చింది. వాడు ఏటి దాకా ఎదురువెళ్ళాడు. ఆమె ఇంకా తడి కూడా దులుపుకోలేదు, "చూశావా?" అని అడిగాడు.

"చూశాను నాయనా. ఉత్తరపు గట్టు నుంచి దిగుతున్నాడు. ముందు తల ఎత్తి గాలి చూస్తాడు. ఎవరూ లేరనుకున్నాక మంద మొత్తాన్ని ముందుకు వదిలి, తను ఆఖరున వస్తాడు."

బొట్లయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత, "ఇంకోసారి చెప్పు అత్తా" అన్నాడు.

నాంచారత్త వాడి పక్కనే కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

నీతి: అందరిదైన చోటికి అతిథిలా వెళ్ళినవాడికి ఆ చోటంతా దక్కుతుంది. 'నాది' అని గీత గీసినవాడికి ఆ గీత ఒక్కటే మిగులుతుంది.