సింహాసనం ముందు దిగిన అమ్మవారు

కుందవరమని ఒకానొక చిన్న రాజ్యం. దాన్ని ఏలే రణభైరవ భూపతికి బిరుదులు పద్దెనిమిది. అవన్నీ చదివి ముగించేసరికి వచ్చినవాడు వచ్చిన పని మరిచిపోయేవాడు.

ఆ ఏడు తొలకరికి పుల్లన్న అనే రైతు తనకున్న ఒక్క చేనూ దున్నుతుంటే నాగలికి రాతి తల ఒకటి తగిలింది. ఏ కాలంలో చెక్కారో, అమ్మవారి తల. ముక్కు కొస అరిగింది గాని కళ్ళు చెక్కుచెదరలేదు. మెడ కింద ఏమీ లేదు.

సంగతి రాజుగారి చెవిన పడింది. మర్నాడే ఆయన, అమ్మవారు తనకు కలలో కనబడి "నేనున్న నేల నాది, దానికి నువ్వే కాపు" అని సెలవిచ్చిందని చాటించి, చేను స్వాధీనం చేసుకున్నాడు. విత్తే అదును తప్పితే పిల్లలు పస్తులేనని పుల్లన్న ఆస్థాన విదూషకుడు అక్కిభట్టు దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అక్కిభట్టు ఓదార్చలేదు. రాజు చూడాలన్న ఆ తలను సభకు తెప్పించే పని మాత్రం తానే అడిగి తీసుకున్నాడు.

ఆ సీమలో అమ్మవారిని మోసుకెళ్ళేటప్పుడు దారిలో ఎక్కడా దించరు. దించితే అక్కడే నిలిచిపోతుందని నమ్మకం. నలుగురు బోయీలు తలను మోసుకొని, వాళ్ళ వెనకే పుల్లన్నా, నిండు సభలోకి వచ్చాక, ఎక్కడ దించమని సెలవంటూ అక్కిభట్టు వినయంగా అడిగాడు.

"ఇక్కడే, నా సింహాసనం ముందు" అన్నాడు రాజు.

దించారు. అక్కిభట్టు సభ నాలుగు మూలలా వేపమండలు పెట్టి, పసుపునీళ్ళు చల్లి, తాడు పట్టి నేల కొలవసాగాడు. తాడు సింహాసనం కిందికి వచ్చేసరికి రాజు కాళ్ళు పైకెత్తి, ఏమిటిదన్నాడు.

"హద్దులు, ప్రభూ. అమ్మవారున్న నేల అమ్మవారిదని తమరే చాటించారు. తమరు లేస్తే సింహాసనం వసారాలో వేయిస్తాను. ఎండ తగలకుండా చూస్తాను."

సభికులంతా నేల చూపులు చూశారు. రాజు ఇరకాటంలో పడ్డాడు. చాటింపు కాదంటే కల అబద్ధం, అవునంటే కోట పోతుంది. అమ్మవారు ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమో అడిగి చూడమన్నాడు, గొంతు తగ్గించి.

అక్కిభట్టు రాతి పెదవుల దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "కోటా వద్దట, చేనూ వద్దట. గట్టు మీద జానెడు చోటు పుల్లన్న ఇస్తే చాలునట."

చేను పుల్లన్నదేనని అప్పటికప్పుడు రాయించి ముద్ర వేయించాక, రాజు అక్కిభట్టును దగ్గరికి పిలిచాడు.

"నిజం చెప్పు. రాయి నీతో మాట్లాడిందా?"

"మాట్లాడింది ప్రభూ. తమరి కలలో మాట్లాడినంత స్పష్టంగా."

రాజుగారి మీసం అదిరింది. ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఆయన నవ్వడం చూశాకే సభ నవ్వింది. తన చేతి కంకణం తీసి అక్కిభట్టుకి తొడిగాడు. పుల్లన్న అదేదీ చూడలేదు. మబ్బు కమ్ముతోందని అప్పటికే చేను దారి పట్టాడు.